ఆత్మరక్షణ కేసుల్లో మృతుడి హింసాత్మక గతం: అమెరికా కోర్టులు ఏది వింటాయి, ఏది వినవు?

అమెరికాలో ఆత్మరక్షణ కేసు ఏదైనా వార్తల్లోకి వచ్చిందంటే చాలు, అవే సందేహాలు తిరిగొస్తాయి. "వాడికి అంత నేరచరిత్ర ఉంటే జ్యూరీకి ఎందుకు చెప్పలేదు?" అని ఒకరు అడుగుతారు. "నోరులేని శవం మీద బురద చల్లుతుంటే జడ్జి ఎలా ఊరుకున్నాడు?" అని మరొకరు అడుగుతారు. ఈ రెండు కోపాల వెనకా ఉన్నది ఒకటే ప్రశ్న: ఆ గతాన్ని దేన్ని నిరూపించడానికి తెస్తున్నారు?

హత్య కేసుల్లో ఎక్కువ భాగం రాష్ట్ర కోర్టుల్లోనే నడుస్తాయి, రాష్ట్రానికో తీరు. చాలా రాష్ట్రాలు ఫెడరల్ సాక్ష్య నియమాలను చూసి తమవి రాసుకున్నాయి కాబట్టి వాటినే ఆధారంగా పెట్టుకుని, ముఖ్యమైన తేడాలు అక్కడక్కడా చెప్పాను. ఏ ప్రశ్న దగ్గరైనా చదవడం మొదలుపెట్టవచ్చు. అందుకోసమే కొన్ని మాటలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. సొంత కేసు ఉన్నవాళ్లు మాత్రం ఆ రాష్ట్రంలోని క్రిమినల్ లాయరునే అడగాలి.

## ముందు తేల్చుకోవాల్సినవి

చనిపోయినవాడు పెద్ద రౌడీ అని నిరూపిస్తే కేసు కొట్టేస్తారా?

కొట్టెయ్యరు. కోర్టు చూసేది ఆ కొద్ది క్షణాలనే. ముప్పు అప్పటికప్పుడు మీద పడబోతోందని ముద్దాయి నమ్మాడా? ఆ స్థితిలో ఉన్న మామూలు మనిషి ఎవరైనా అలాగే నమ్మేవాడా? వాడిన బలం ఆ ముప్పుకు తగినంతేనా? గొడవ మొదలుపెట్టింది ఎవరు? నిద్రపోతున్న రౌడీని చంపినా హత్యే. పాత గొడవలు ఈ ప్రశ్నల్లో దేనికైనా జవాబు చెప్పడానికి పనికొస్తేనే కోర్టు గుమ్మం దాటతాయి. "పోతే పోయాడు, పీడ విరగడైంది" అని జ్యూరీకి అనిపించడానికైతే వాటికి చోటు లేదు.

పాత గొడవలకీ ఈ కేసుకీ సంబంధం ఏమిటి? కోర్టు అసలు ఎందుకు వింటుంది?

రెండు దారులున్నాయి. ఈ విషయంలో వచ్చే గందరగోళంలో ముప్పాతిక ఈ రెండింటినీ కలిపేయడం వల్లే వస్తుంది.

మొదటిది ముద్దాయి మనసు. ఎదుటి మనిషి వాదన మధ్యలో జేబులో చెయ్యి పెట్టాడనుకుందాం. అతనెవరో తెలియనివాడికి ఆ కదలిక పెద్ద విషయం కాదు. అతను గతంలో ఇద్దరిని పొడిచాడని తెలిసినవాడికి అదే కదలిక ప్రాణభయం. ఆ భయం సమంజసమో కాదో జ్యూరీ తేల్చాలంటే ముద్దాయికి తెలిసినది జ్యూరీకీ తెలియాలి. ఇక్కడ మృతుడి స్వభావం గురించి వాదనే లేదు, ఉన్నదల్లా ముద్దాయి తలలో ఏముందన్నదే. కాబట్టి ఆ సంగతి ముద్దాయికి ముందే తెలిసి ఉండటం తప్పనిసరి. తెలిసి ఉంటే ఒక్కో సంఘటనా విడివిడిగా చెప్పనిస్తారు.

రెండోది తొలి దెబ్బ. ఎవరు ముందు చెయ్యి చేసుకున్నారో చూసినవాళ్లు లేరు, లేదా చూసినవాళ్లు తలో మాట చెబుతున్నారు. ఇద్దరిలో ఒకరికి కొట్లాట అలవాటని తెలిస్తే జవాబు కొంత అటు మొగ్గుతుంది. ఈ దారిలో ముద్దాయికి ఆ సంగతి ముందే తెలుసా లేదా అన్నది తర్కానికి అనవసరం. మృతుడు మృతుడే, అతని అలవాటు అతనిదే. కాకపోతే ఇది నేరుగా స్వభావ సాక్ష్యం, అందుకే షరతులు ఎక్కువ.

ఒకసారి కొట్టినవాడు మళ్లీ కొడతాడన్నది లోకజ్ఞానమే కదా, చట్టానికి అభ్యంతరం ఏమిటి?

లోకజ్ఞానమే. చిక్కల్లా జ్యూరీ దాన్ని అవసరానికి మించి నమ్మేస్తుందనే. అందుకే ఫెడరల్ రూల్ 404 మొదటి మాటగా, స్వభావాన్ని చూపించి "ఆ రోజూ అలాగే చేసి ఉంటాడు" అనకూడదంటుంది. ఆ వెంటనే ముద్దాయికి ఒక మినహాయింపు ఇస్తుంది: కేసుకు సంబంధించినంత మేరకు బాధితుడి స్వభావాన్ని అతను చూపించవచ్చు. ఒకవైపు ప్రభుత్వ బలగమంతా ఉంది, మరోవైపు జైలు ముంగిట నిలబడిన ఒక్క మనిషి ఉన్నాడు కాబట్టి ఈ సడలింపు. ఫెడరల్ నియమాలు అమల్లోకి వచ్చింది 1975లోనే అయినా ఆలోచన పాతది. మృతుడికి కలహాలమారి, ప్రమాదకారి అన్న పేరుంటే ఆ సాక్ష్యం వినాల్సిందేనని అమెరికా సుప్రీంకోర్టు 1896లోనే స్మిత్ కేసులో చెప్పింది.

ఆత్మరక్షణ అని నిరూపించాల్సిన భారం ముద్దాయిదేనా?

ఇప్పుడు దాదాపు ఎక్కడా కాదు. ఆ వాదనకు కొంత ఆధారం ముందు కనిపించాలి. ఆ తర్వాత అది ఆత్మరక్షణ కాదని సందేహానికి తావులేకుండా చూపించాల్సింది ప్రాసిక్యూషనే. భారం ముద్దాయి మీద పెట్టినా రాజ్యాంగ విరుద్ధం కాదని 1987లో మార్టిన్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఆ కేసు పుట్టిన ఒహాయో రాష్ట్రమే 2019లో తన చట్టాన్ని మార్చుకుంది.

అతని గతం నాకు గొడవ తర్వాతే తెలిసింది. పనికొస్తుందా?

భయాన్ని సమర్థించుకోవడానికి పనికిరాదు. తెలియని దానికి భయపడటం కుదరదు కదా. తొలి దెబ్బ ఎవరిదో తేల్చడానికి పనికొస్తుందా అంటే, మీరున్న రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది.

న్యూయార్క్‌లో మిల్లర్ కేసు 1976లో తలుపు తెరిచింది గానీ ముద్దాయికి ముందే తెలిసిన సంఘటనల వరకే. తెలియని హింసాకాండను తొలి దెబ్బ కోసం చూపించనివ్వాలన్న వాదనను ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2023లో గెర్రా కేసులోనూ ఒప్పుకోలేదు. ఇలినాయ్ అందుకు భిన్నంగా 1984లో లించ్ కేసులో, ముద్దాయికి తెలియకపోయినా మృతుడికి దాడి కేసుల్లో పడిన శిక్షలను జ్యూరీ వినవచ్చని అంది. మసాచుసెట్స్ 2005లో అడ్జుటెంట్ కేసుతో అదే బాట పట్టింది. తొలి దెబ్బ ఎవరిదన్నది వివాదంలో ఉంటే, మృతుడు తనే మొదలుపెట్టిన పాత హింసాత్మక సంఘటనలను జడ్జి తన విచక్షణతో అనుమతించవచ్చు.

నా మటుకు నాకు ఇలినాయ్, మసాచుసెట్స్‌ల వాదనే నిలబడుతుందనిపిస్తుంది. గొడవ ఎవరు మొదలుపెట్టారన్న ప్రశ్నకు ముద్దాయికి ఏం తెలుసన్నది అడ్డం రాకూడదు. న్యూయార్క్ భయం కూడా ఉత్తిది కాదు: తలుపు పూర్తిగా తెరిస్తే ప్రతి హత్య కేసూ మృతుడి జీవితచరిత్ర మీద విచారణ అయిపోతుంది.

కెనోషా కేసులో చనిపోయినవాళ్ల పాత శిక్షలు జ్యూరీకి ఎందుకు చెప్పలేదు?

2020 ఆగస్టులో విస్కాన్సిన్‌లోని కెనోషాలో జరిగిన కాల్పుల కేసు ఇది. 2021 నవంబరులో ముద్దాయి రిట్టెన్‌హౌస్‌ను నిర్దోషిగా తేల్చారు. విస్కాన్సిన్‌లో 1973 నాటి మెక్‌మోరిస్ తీర్పు ప్రకారం, బాధితుడి హింసాత్మక గతంలో ముద్దాయికి తెలిసినది చెప్పుకోవచ్చు. ఇక్కడ కాల్చిన యువకుడికి వాళ్లెవరో కూడా తెలియదు. అందుకే వాళ్ల పాత శిక్షల ప్రస్తావనకు జడ్జి ఒప్పుకోలేదు. టీవీ చూసినవాళ్లకు తెలిసింది జ్యూరీకి తెలియలేదు. ఆ గతం లేకుండానే జ్యూరీ అతన్ని వదిలేసిందన్నది గమనించండి.

## విచారణ మొదలయ్యే ముందు

పోలీసుల దగ్గరున్న బాధితుడి నేరచరిత్రను డిఫెన్స్‌కు ఇవ్వాలా?

ముద్దాయికి మేలు చేసే ముఖ్యమైన సాక్ష్యాన్ని ప్రాసిక్యూషన్ దాచకూడదని 1963లో బ్రేడీ కేసు చెప్పింది. అది ప్రాసిక్యూటర్ బల్లమీద లేకపోయినా, దర్యాప్తు చేసిన పోలీసుల దగ్గరుంటే చాలునని 1995లో కైల్స్ కేసు చేర్చింది.

అయితే సరిగ్గా ఇలాంటి విషయంలోనే ముద్దాయి ఓడిపోయిన కేసు ఒకటుంది. 1976 నాటి అగర్స్ కేసు. వాషింగ్టన్‌లోని ఒక మోటెల్ గదిలో ఒక స్త్రీ చేతిలో కత్తిపోట్లకు ఒక మనిషి చనిపోయాడు. ఆ రోజు అతని దగ్గర రెండు కత్తులున్నాయి. దాడి చేసినందుకు, మారణాయుధం దగ్గర పెట్టుకున్నందుకు అతనికి పాత శిక్షలున్నాయని తీర్పు తర్వాత గానీ డిఫెన్స్‌కు తెలియలేదు. డిఫెన్స్ అడగలేదు, పైగా ఆ రికార్డు చూసినా ఫలితం మీద కొత్త సందేహం పుట్టదు, కాబట్టి తప్పు లేదని సుప్రీంకోర్టు అంది. అడిగారా లేదా అన్న తేడాను 1985లో బ్యాగ్లీ కేసు చెరిపేసింది. సాక్ష్యం ఫలితాన్ని మార్చగలిగేదేనా అన్న పరీక్ష మాత్రం మిగిలింది. అందుకే తెలిసిన లాయర్లు మొదటి వారంలోనే బాధితుడి రికార్డు కావాలని రాతపూర్వకంగా అడుగుతారు. అడిగితే పోయేదేమీ లేదు.

ఈ సాక్ష్యం తెస్తున్నామని ముందే నోటీసు ఇవ్వాలా?

ఫెడరల్ రూల్ 404లో పాత చర్యల గురించిన నోటీసు నిబంధన ప్రాసిక్యూషన్‌కే వర్తిస్తుంది. రాష్ట్రాల్లో అలా అనుకుని కూర్చోవద్దు. మసాచుసెట్స్‌లో తొలి దెబ్బ కోసం మృతుడి పాత హింసను చూపించాలనుకుంటే, ఏ సంఘటన, ఏ సాక్ష్యం అన్న వివరాలతో కోర్టుకూ ఎదుటి పక్షానికీ విచారణకు తగినంత ముందే చెప్పాలి. దానికి బదులుగా తెచ్చే సాక్ష్యం గురించి ప్రాసిక్యూషనూ చెప్పాలి. నోటీసు తప్పనిసరి కానిచోట కూడా జ్యూరీ కూర్చోకముందే జడ్జి దగ్గర ఈ విషయం తేల్చుకోవడం మేలు. విచారణ మొదట్లో జ్యూరీతో చేసే తొలి ప్రసంగంలో "ఇతను ఎలాంటివాడో చూపిస్తాం" అని చెప్పి, తర్వాత చూపించలేకపోతే జ్యూరీ ముందు పరువు పోతుంది.

ఫోన్ సందేశాలు, సోషల్ మీడియా పోస్టులు చూపించవచ్చా?

కొట్లాటల గురించి గొప్పలు చెప్పుకున్న సందేశాలు డిఫెన్స్‌కు బాగానే ఊరిస్తాయి. వాటిని ఆ మనిషే రాశాడని ముందు చూపించాలి. ఫోన్ అతనిదైతే చాలదు, ఆ సమయంలో ఎవరైనా తీసుకుని టైప్ చేసి ఉండవచ్చు. ఫ్లోరిడాలో 2013 నాటి జిమ్మర్‌మన్ కేసులో మృతుడి ఫోన్‌లో దొరికిన, కొట్లాటలకు సంబంధించిన సందేశాలను జడ్జి జ్యూరీ దాకా వెళ్లనివ్వలేదు. పైగా కుర్రాళ్ల గొప్పలు వేరు, నిజంగా చెయ్యి చేసుకోవడం వేరు.

## విచారణ నడుస్తున్నప్పుడు

మంచిపేరు లేదని చెబితే చాలా, ఒక్కో సంఘటనా చెప్పాలా?

దేనికోసం తెస్తున్నారన్నదాన్ని బట్టి ఇదీ మారుతుంది. తొలి దెబ్బ మృతుడిదేనని చెప్పడానికైతే, ఫెడరల్ రూల్ 405 ప్రకారం రెండే పద్ధతులు: అతన్ని ఎరిగిన నలుగురిలో అతనికున్న పేరు, లేదా అతన్ని దగ్గరగా చూసిన సాక్షి సొంత అభిప్రాయం. "కోపిష్టి, చెయ్యి చేసుకుంటాడు" అని సాక్షి అనవచ్చు. "ఫలానా రాత్రి ఫలానావాణ్ణి సీసాతో కొట్టాడు" అనకూడదు. బాధితుడి హింసాస్వభావం ఆత్మరక్షణ వాదనలో తప్పనిసరి అంశం కాదు కాబట్టి విడివిడి సంఘటనలకు చోటు లేదని 1995లో కైజర్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు (పశ్చిమ రాష్ట్రాల ఫెడరల్ అప్పీలు కోర్టు) వివరించింది.

నాకిది తలకిందుల నియమంలా కనిపిస్తుంది. నలుగురూ అనుకునే మాట కంటే జరిగిన సంఘటన గట్టి ఆధారం కదా. కానీ ఒక్కో సంఘటన మీదా ఒక చిన్న విచారణ నడపాల్సి వస్తుందని కోర్టుల భయం. కాలిఫోర్నియా ఆ భయాన్ని పక్కనపెట్టింది. అక్కడి సాక్ష్య చట్టం సెక్షన్ 1103 కింద పేరు, అభిప్రాయం, విడివిడి సంఘటనలు మూడూ చెల్లుతాయి.

ముద్దాయి భయాన్ని చూపించడానికైతే లెక్క మారుతుంది. అతనికి తెలిసిన సంఘటనలను ఫెడరల్ కోర్టులోనూ వివరంగా చెప్పవచ్చు.

ముద్దాయి బోనెక్కి తీరాలా?

చట్టం బలవంతపెట్టదు. మౌనంగా ఉండే హక్కు ఐదో సవరణ ఇచ్చిందే. కానీ "నాకు తెలుసు, అందుకే భయపడ్డాను" అన్న మాట అతని నోటి నుంచి కాక ఇంకెవరి నుంచి వస్తుంది? కొన్నిసార్లు వస్తుంది: "ఆ గొడవ సంగతి వారం ముందు నేనే అతనికి చెప్పాను" అని స్నేహితుడు చెప్పవచ్చు, లేదా పాత సంఘటన జరిగినప్పుడు ముద్దాయి అక్కడే ఉన్నాడని మరో సాక్షి చెప్పవచ్చు. ఇవేవీ లేకపోతే బోనెక్కాల్సిందే, ఎక్కితే క్రాస్ ఎగ్జామినేషన్‌ను ఎదుర్కోవాల్సిందే.

నేను కళ్లతో చూడలేదు, వేరేవాళ్లు చెప్పగా విన్నాను. వినికిడి సాక్ష్యమని కొట్టేయరా?

ఆ మాట నిజమని నిరూపించడానికి తెస్తే కొట్టేస్తారు. ఆ మాట విని మీరు భయపడ్డారని చూపించడానికి తెస్తే అది వినికిడి సాక్ష్యమే కాదు. మీ చెవిన పడిందా లేదా అన్నదే లెక్క.

అక్కడితో అయిపోదు. ప్రాసిక్యూటర్ లేచి "ఇవన్నీ ఇప్పుడు అల్లిన కథలు" అంటాడు. అప్పుడు ఆ సంఘటనలు నిజంగా జరిగాయన్న రికార్డులు చూపించవచ్చా? 1999లో తొమ్మిదో సర్క్యూట్ విస్తృత ధర్మాసనం జేమ్స్ కేసులో చూపించవచ్చనే అంది. కూతురికి తుపాకీ అందించిందని తల్లి మీద పెట్టిన కేసు అది. ఆ తుపాకీతో కూతురు కాల్చగా చనిపోయిన మనిషి తన పాత దౌర్జన్యాలను ఆమె ముందు గొప్పగా చెప్పుకునేవాడు. అవి నిజమేనని చెప్పే కోర్టు కాగితాలను ఆమె అంతకుముందెన్నడూ చూడలేదన్న కారణంతో కింది కోర్టు ఆపేసింది. ఆ కాగితాలు ఆమె చూసిందా లేదా అన్నది కాదు ముఖ్యం, ఆమె అబద్ధం చెప్పడం లేదని అవి చూపుతున్నాయని పై కోర్టు భావించి శిక్షను రద్దు చేసింది.

అరెస్టయ్యి శిక్షపడని కేసులు, ఇరవై ఏళ్ల కిందటివి పనికొస్తాయా?

అరెస్టు అనేది పోలీసుల అనుమానం మాత్రమే. తొలి దెబ్బ గురించి వాదించాలంటే ఆ సంఘటనను చూసినవాళ్లు వచ్చి చెప్పాలి. కాలం విషయంలో ఫలానా ఏళ్లన్న గీత లేదు. పాతబడే కొద్దీ విలువ తగ్గుతుంది, జ్యూరీని పక్కదారి పట్టించే ప్రమాదం దాన్ని బాగా మించిపోతే రూల్ 403 కింద జడ్జి ఆపేస్తాడు. పద్దెనిమిదేళ్ల వయసులో ఒక్కసారి చేసిన కొట్లాటకూ, గత రెండేళ్లలో మూడుసార్లు కత్తి తీసినదానికీ తేడా ఉండదా మరి.

దొంగతనాలు, డ్రగ్స్ కేసులు కూడా చెప్పవచ్చా?

హింస లేనివైతే చెప్పనివ్వరు. చెక్కులు ఫోర్జరీ చేసినవాడు ముందు చెయ్యి చేసుకుంటాడన్న నియమం ఏమీ లేదు.

చనిపోయినవాడు గతంలో నన్నే కొట్టి ఉంటే?

ఇది అన్నిటికంటే బలమైన సాక్ష్యం. మీకు తెలుసా అన్న ప్రశ్నే పుట్టదు, ఒంటి మీదే తెలుసు. ఇంట్లో హింసకు గురైన స్త్రీల కేసులు ఎక్కువగా ఈ దారిలోనే నడుస్తాయి. ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న మనిషి, ఏ చూపు తర్వాత దెబ్బ పడుతుందో బయటివాళ్లకంటే ముందే పసిగడుతుంది. ఆ అనుభవాన్ని జ్యూరీకి వివరించడానికి నిపుణులను పిలవవచ్చని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1984లో కెల్లీ కేసులో అంది. "అంత బాధైతే ఇల్లు వదిలి ఎందుకు పోలేదు?" అని జ్యూరీ గదిలో ఎవరో ఒకరు అడుగుతారని కోర్టులకూ తెలుసు.

బాధితుడు బతికే ఉండి సాక్ష్యం చెబుతుంటే?

స్వభావ సాక్ష్యం హత్య కేసులకే పరిమితం కాదు, దాడి కేసుల్లోనూ చెల్లుతుంది. దానికి తోడు బతికున్న బాధితుడు సాక్షి కూడా కాబట్టి అతని మాట నమ్మదగినదా అన్నదాని మీద వేరుగా దెబ్బ కొట్టవచ్చు. రూల్ 609 కింద కొన్ని పాత శిక్షలు, అబద్ధం, మోసం ఇమిడి ఉన్నవైతే మరీ ముఖ్యంగా, అందుకు పనికొస్తాయి. చనిపోయినవాడు సాక్షి కాడు, కాబట్టి అతని విషయంలో సాధారణంగా ఈ దారి ఉండదు.

## ఎదుటి పక్షం వంతు

అతని గతం తీస్తే నా పాత కేసులు కూడా బయటికి తీస్తారా?

తీయగలరు. 2000లో ఫెడరల్ రూల్ 404ను సవరించారు. బాధితుడు హింసాస్వభావి అని ముద్దాయి దాడి చేస్తే, ముద్దాయిదీ అదే స్వభావమని ప్రాసిక్యూషన్ చూపించవచ్చు. కాలిఫోర్నియాలోనూ ఇదే వరస. కొట్లాట కేసులున్న ముద్దాయికి ఇది కొరివితో తల గోక్కోవడమే.

ఒక తేడా ఉంది. తన భయం సమంజసమని చూపించడానికి మాత్రమే మృతుడి గతాన్ని తెస్తే ఫెడరల్ కోర్టులో ఈ ప్రతిదాడికి తలుపు తెరుచుకోదని సవరణతో పాటు రాసిన వ్యాఖ్యలోనే ఉంది. కానీ నోరు జారి "వాడు ఎప్పుడూ అంతే" అని ముద్దాయి అన్నాడంటే అది స్వభావం మీద దాడే అవుతుంది. లాయర్లు క్లయింట్‌తో గంటలకొద్దీ రిహార్సల్ చేయించేది ఇలాంటి ఒక్క వాక్యం కోసమే.

మృతుడు శాంతస్వభావుడని ప్రాసిక్యూషన్ చెప్పుకోవచ్చా?

మామూలుగా ముద్దాయి ముందు కదిపితేనే. హత్య కేసుల్లో ఫెడరల్ నియమం ఇంకో అడుగు వేసింది. మృతుడే ముందు దాడి చేశాడని సాక్ష్యం పెడితే చాలు, అతని స్వభావం గురించి ఒక్క మాట అనకపోయినా, అతను శాంతపరుడని చూపించే అవకాశం ప్రాసిక్యూషన్‌కు వస్తుంది. చనిపోయినవాడు వచ్చి తన సంగతి తాను చెప్పుకోలేడు కదా.

"భయం గురించి మాత్రమే వినండి" అంటే జ్యూరీ నిజంగా అలా వింటుందా?

అడిగితే జడ్జి జ్యూరీకి ఆ సూచన ఇచ్చి తీరాలని రూల్ 105 చెబుతోంది. ఇద్దరిని పొడిచాడని విన్న మనిషి ఆ సంగతిని మనసులో ఒక్క అరలోనే ఉంచుకుంటాడని నేనైతే నమ్మను. అయినా లాయరు ఆ సూచనను అడగాలి. అడగకపోతే తర్వాత పై కోర్టులో ఆ మాట ఎత్తడం చాలా కష్టం.

## తీర్పు వచ్చాక

జడ్జి ఈ సాక్ష్యాన్ని తప్పుగా ఆపేస్తే అప్పీల్లో గెలుస్తామా?

గెలవవచ్చు, తేలిక మాత్రం కాదు. ముందుగా, ఆపేసిన సాక్షి ఏం చెప్పబోయాడో విచారణలోనే రికార్డుకెక్కించి ఉండాలి. అది లేకపోతే పై కోర్టుకు చూడటానికేమీ ఉండదు. తర్వాత జడ్జి విచక్షణ హద్దు దాటిందని, ఆ తప్పు ఫలితాన్ని ప్రభావితం చేసి ఉండవచ్చని తేలాలి. అడ్జుటెంట్ కేసులో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం శిక్షను రద్దు చేసి మళ్లీ విచారణకు పంపింది. రాజ్యాంగం వైపు నుంచీ వాదన ఉంది. సాక్ష్య నియమాలను గుడ్డిగా వాడి ముద్దాయి తన వాదన వినిపించుకునే హక్కును కాలరాయకూడదని సుప్రీంకోర్టు 1973లో చాంబర్స్ కేసులో, 2006లో హోమ్స్ కేసులో చెప్పింది. అయితే ఆ తీర్పులు అసాధారణమైన పరిస్థితుల్లో వచ్చినవి, ప్రతి తిరస్కరణకూ మందు కావు.

మృతుడి కుటుంబం అభ్యంతరం చెప్పలేదా?

కేసు ప్రభుత్వానిది. కుటుంబం అందులో పక్షం కాదు, అభ్యంతరం ప్రాసిక్యూటరే చెప్పాలి. 2004 నాటి ఫెడరల్ బాధితుల హక్కుల చట్టం చనిపోయినవాడి తరఫున కుటుంబానికి కొన్ని హక్కులిచ్చింది: విచారణకు హాజరవడం, ప్రాసిక్యూటర్‌తో మాట్లాడటం, విడుదల, నేరాంగీకారం, శిక్ష ఖరారు వేళల్లో తమ మాట వినిపించడం. ఏ సాక్ష్యాన్ని అనుమతించాలన్న దాని మీద మాట్లాడే హక్కు ఆ జాబితాలో లేదు. అందుకే ప్రాసిక్యూటర్‌తో మాట్లాడే అవకాశాన్ని కుటుంబం విచారణకు ముందే వాడుకోవాలి. మృతుడు ఎలాంటివాడో చెప్పగల పొరుగువాళ్లు, తోటి ఉద్యోగులు ఎవరున్నారో ఆ దశలోనే చెబితే, అవసరమైనప్పుడు వాళ్లను సాక్షులుగా పిలిచే వీలుంటుంది. ముద్దాయి నిర్దోషిగా బయటపడితే శిక్ష ఖరారు అన్న దశే రాదు, కుటుంబం ఆ కోర్టులో నోరు విప్పే సందర్భమూ రాదు.